సెలవిచ్చిన కోచ్



పోయిన నెల సంచిక చదివిన ఒక చెల్లెలు కూరగాయల బజార్లో నన్ను ఆపింది. "అన్నా, ఆటగాళ్ల ముచ్చట్లు బాగనే రాస్తవు. గెలిచిండు, కప్పు తెచ్చిండు అంటవు. ఒంట్ల సత్తువ అయిపోయినంక వాళ్లు ఏం జేస్తరో ఒక్కసారన్న రాసినవా?" అని అడిగింది.

ఆమె ఊరికే అడగలేదు. ఆమె పెనిమిటి ముప్పై ఏళ్లు సాంచాల మీద నిలబడ్డ మనిషి. సాంచా చప్పుడు కొంచెం మారితే చాలు, ఏ భాగం చెడిందో చూడకుండానే చెప్పేవాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి ఇంట్లో కూర్చున్నాడు. పనంతా తలలో ఉంది, కాళ్లలో లేదు.

ఆ చెల్లెలికి జవాబుగా ఈ నెల ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన మన దేశంవాడు కాదు. ఆట కూడా మన గల్లీల్లో ఆడేది కాదు, బాస్కెట్‌బాల్. పేరు షరూనాస్ యాసికెవిచ్యుస్. నోరు తిరగకపోతే ఫికర్ చేయకండి. వాళ్ల దేశంలో కూడా అందరూ 'షారస్' అనే పిలుస్తారు. మనమూ అట్లనే పిలుద్దాం.

చిన్న దేశం, పెద్ద ఆట

లిథువేనియా ఐరోపాలో బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న దేశం. జనాభా 30 లక్షల లోపే. మన సోలాపూర్ జిల్లాలో ఉన్నంత మంది ఆ దేశం మొత్తంలో లేరు. మనకు క్రికెట్ ఎట్లనో వాళ్లకు బాస్కెట్‌బాల్ అట్ల. 1937లో, 1939లో ఐరోపా కప్పు గెలిచారు. 1939 పోటీల కోసం కౌనస్ పట్నంలో ప్రత్యేకంగా ఒక ఆట హాలే కట్టారు.

మరుసటి ఏడే ఆ దేశాన్ని సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. యాభై ఏళ్లు వాళ్ల పిల్లలు ఎంత బాగా ఆడినా పేరు సోవియట్ జట్టుకే పోయింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు బంగారు పతకం గెలిచినప్పుడు అందులో ముఖ్యమైన ఆటగాళ్లు నలుగురు లిథువేనియా వాళ్లే. అందుకే ఆ జనానికి కౌనస్ పట్నం క్లబ్బు 'ఝల్గిరిస్' అంటే ప్రాణం. ఆ క్లబ్బు 1985, 1986, 1987లో వరసగా మూడేళ్లు మాస్కో సైన్యం జట్టును ఓడించి సోవియట్ లీగ్ గెలిచింది. బయట మాట్లాడలేని మాటలన్నీ ఆ మూడేళ్లు జనం ఆట హాల్లో అరిచి చెప్పుకున్నారు.

1990 మార్చి 11న లిథువేనియా స్వతంత్రం ప్రకటించుకుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో సొంత జెండా కింద ఆడి, పాత సోవియట్ రాజ్యాల ఉమ్మడి జట్టునే 82-78తో ఓడించి కాంస్యం తెచ్చుకుంది.

షారస్ పుట్టింది ఆ కౌనస్‌లోనే, 1976 మార్చి 5న. తల్లి రీటా మంచి హ్యాండ్‌బాల్ ఆటగత్తె. మహిళల హ్యాండ్‌బాల్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టింది ఆ 1976లోనే, మాంట్రియల్‌లో. బంగారు పతకం సోవియట్ జట్టుదే. ఆ జట్టులో రీటా లేదు. ఆ ఎండాకాలం ఆమె చేతిలో బంతి లేదు, నెలల పిల్లవాడు ఉన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

పేరు పిలవని రోజు

షారస్ హైస్కూలు చదువు చివర్లో అమెరికా పోయాడు. పెన్సిల్వేనియాలో ఒక పల్లెటూరి బడి, తర్వాత మేరీల్యాండ్ యూనివర్సిటీలో నాలుగేళ్లు. అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏ ప్రతి ఏడూ కొత్త పిల్లలను ఎంచుకుంటుంది. 1998లో 58 మందిని పేరుపేరునా పిలిచారు. అందులో షారస్ పేరు లేదు.

గిర్ని గేటు దగ్గర బదిలీ పని కోసం తెల్లవారుజామున నిలబడి, జాబర్ వేలు మనల్ని దాటి పక్కవాడి మీదికి పోయిన పొద్దు ఎట్లుంటదో మన పెద్దలకు నేను చెప్పేదేముంది! టిఫిన్ డబ్బా విప్పకుండానే ఇంటికి తెచ్చినవాళ్లు మన ఇండ్లల్లో ఎందరో.

షారస్ తన దేశం తిరిగి వచ్చాడు. రాజధాని విల్నియస్‌లో లియెటువోస్ రీటస్ క్లబ్బుకు ఒక ఏడు ఆడాడు. తర్వాతి ఏడు స్లొవేనియా దేశంలోని ల్యుబ్ల్యానా. తన ఊరి క్లబ్బు ఝల్గిరిస్ 1999లో ఐరోపాలో అన్నిటికంటే పెద్ద కప్పు, యూరోలీగ్, గెలిచినప్పుడు కౌనస్ కుర్రాడైన షారస్ అందులో లేడు.

2000 సిడ్నీ ఒలింపిక్స్ వచ్చాయి. సెమీఫైనల్లో లిథువేనియా ఎదుట అమెరికా. అందరూ ఎన్‌బీఏ ఆటగాళ్లే. చివరి క్షణాలకు అమెరికా 85, లిథువేనియా 83. బంతి షారస్ చేతికి వచ్చింది. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు. పడితే గెలుపు. వేశాడు, పడలేదు. జట్టు కాంస్యంతో తిరిగొచ్చింది కాని, ఆ ఒక్క బంతి గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది.

నాలుగేళ్ల తర్వాత 2004 ఏథెన్స్‌లో అదే అమెరికాతో మళ్లీ ఆట పడింది. ఈసారి చివరి నిమిషాల్లో అవే దూరపు బంతులు ఒకదాని వెంట ఒకటి వేశాడు. ఆ రోజు ఒక్కడే 28 పాయింట్లు చేశాడు. లిథువేనియా 94, అమెరికా 90. పతకాల దగ్గర మళ్లీ అమెరికా చేతిలోనే ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు, అది వేరే సంగతి. ఒకసారి తప్పిన చెయ్యి మళ్లీ అదే పనికి వణకకుండా లేచింది. నాకు నచ్చింది అది.

ఆ నడుమ 2003లో స్వీడన్‌లో జరిగిన ఐరోపా పోటీల్లో లిథువేనియా స్పెయిన్‌ను ఓడించి బంగారు పతకం గెలిచింది. 1939 తర్వాత 64 ఏళ్లకు వచ్చిన కప్పు అది. ఆ పోటీల్లో ఉత్తమ ఆటగాడు షారస్.

క్లబ్బుల లెక్క కూడా చెప్తా. 2003లో బార్సిలోనాతో యూరోలీగ్ గెలిచాడు. 2004లో, 2005లో ఇజ్రాయెల్ క్లబ్బు మక్కాబీ టెల్ అవీవ్‌తో గెలిచాడు. 2009లో గ్రీసు క్లబ్బు పనథినాయికోస్‌తో గెలిచాడు. మూడు వేరువేరు క్లబ్బులతో ఆ కప్పు గెలిచిన మొదటి ఆటగాడు అతనే. నడుమ 2005లో ఎన్‌బీఏ కూడా పిలిచింది. ఇండియానాలో, తర్వాత గోల్డెన్ స్టేట్‌లో కలిపి రెండు సీజన్లు ఆడాడు. అక్కడ కుదరలేదు. ఐరోపాలో రాజు, అమెరికాలో బెంచీ మీద కూర్చునేవాడు. చేతులు అవే. జాగా మారితే మనిషి విలువ మారింది.

అతను పొడుగులో అందరికంటే పెద్దవాడు కాదు, పరుగులో చురుకైనవాడూ కాదు. అతని బలం చూపు. జట్టులో బంతిని నడిపించే స్థానం అతనిది, దాన్ని పాయింట్ గార్డ్ అంటారు. ఎవడు ఎటు ఉరుకుతాడో వాడికంటే ముందే కనిపెట్టి బంతి అక్కడికి పంపేవాడు.

ఆడినవాడు ఆడించగలడా

2013లో, 37 ఏళ్ల వయసులో, షారస్ మొదటిసారి తన ఊరి క్లబ్బు ఝల్గిరిస్ బనియన్ తొడిగాడు. ఒక సీజన్ ఆడి 2014లో ఆట మానేశాడు. మరి తర్వాత?

ఇంట్లో కూర్చోలేదు. పెద్ద కుర్చీ కూడా అడగలేదు. అదే క్లబ్బులో సహాయ కోచ్‌గా చేరాడు. నిన్నటిదాకా దేశమంతా మోసిన మనిషి, ఇప్పుడు పక్కన నిలబడి నోటుబుక్కులో రాసుకునే పని. 2016 జనవరిలో ప్రధాన కోచ్ అయ్యాడు. అప్పటికి నలభై కూడా నిండలేదు.

మనలో ఒక మాట ఉంది, మంచి కార్మికుడు మంచి జాబర్ కావాలని లేదు. నిజమే. చేయి బాగా నడిచేవాడికి, చేయి నడవనివాడి బాధ తెలియదు. "గింత చిన్న పని రాదా నీకు?" అని కసురుతాడు. గొప్ప ఆటగాళ్లు చాలామంది కోచ్‌లుగా ఓడిపోయేది అక్కడే.

షారస్ కూడా సాధువేం కాదు. ఆట నడుమ ఒక నిమిషం విరామం తీసుకుంటే, అతను ఆటగాళ్ల మీద అరిచే అరుపులు టీవీలో చూసినవాళ్లకు తెలుసు. ఏథెన్స్‌లో అతనికి కోచ్‌గా ఉన్న ఝెల్కో ఒబ్రాదోవిచ్ కూడా అట్లనే అరిచే మనిషి. అయితే షారస్ చెప్పే పని ఆటగాడికి అర్థమయ్యేది. ఝల్గిరిస్ దగ్గర పెద్ద క్లబ్బులకున్న డబ్బు లేదు. పేరున్న ఆటగాళ్లు దొరకరు. ఉన్నవాళ్లతోనే అతను 2016 నుంచి 2020 దాకా ప్రతి ఏడూ దేశపు లీగ్ గెలిపించాడు. 2018లో గ్రీసు క్లబ్బు ఒలింపియాకోస్‌ను ఓడించి యూరోలీగ్ చివరి నాలుగు జట్లలోకి తీసుకెళ్లాడు. 1999 తర్వాత ఝల్గిరిస్ అంతదూరం పోవడం అదే మొదలు. బెల్‌గ్రేడ్‌లో సెమీఫైనల్ ఓడినా, మూడో స్థానం ఆటలో మాస్కో సైన్యం క్లబ్బునే 79-77తో ఓడించారు. పాత లెక్కలు తెలిసిన కౌనస్ ముసలివాళ్లకు ఆ రోజు ఎట్లుండి ఉంటదో!

సెలవు ముచ్చట

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

2017 మే నెల. లిథువేనియా లీగ్ సెమీఫైనల్ ఆటలు జరుగుతున్నాయి. ఝల్గిరిస్‌లో ఔగుస్తో లీమా అనే బ్రెజిల్ ఆటగాడు ఉన్నాడు. అతని భార్య కాన్పు దగ్గరికి వచ్చింది. షారస్ అతన్ని పంపించాడు. ఆట అయిన తర్వాత విలేకరుల ముందు కూర్చుంటే, ఒక కుర్ర విలేకరి అడిగాడు: సెమీఫైనల్స్ నడుమ లీమా వెళ్లిపోయాడు కదా, మీరేమంటారు?

షారస్ జవాబు సారాంశం ఇది. నేనేమంటాను, నేనే పంపించాను. విలేకరి వదల్లేదు. ఇంత ముఖ్యమైన ఆటల నడుమ పోవడం సరైనదేనా అన్నాడు. అప్పుడు షారస్ అతన్నే అడిగాడు, నీకు పిల్లలున్నారా అని. నీకు పిల్లలు పుట్టినప్పుడు తెలుస్తుంది తమ్ముడూ, ఒక మనిషి జీవితంలో దానికంటే పెద్దది లేదు, కప్పులూ లేవు, ఇంకేమీ లేదు, లీమా ఇప్పుడు స్వర్గంలో ఉన్నాడు, అతని కోసం నాకు సంతోషంగా ఉంది అన్నాడు. కోపంగా కాదు, నిదానంగా అన్నాడు. ఆ వీడియో దేశాలన్నీ తిరిగింది. నా మనవడు చూపిస్తేనే నేనూ చూశాను.

1976లో మాంట్రియల్‌కు పోని రీటా కొడుకు ఆ మాట అన్నాడు. అందుకే ఆమె సంగతి గుర్తుపెట్టుకోమన్నాను.

ఆ వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తా.

నా పెద్ద బిడ్డ పుట్టిన రాత్రి నేను మూడో పాళీలో ఉన్నాను. నడిజాము దాటినంక గేటు దగ్గరికి కబురొచ్చింది. పోయి ఖాతా పెద్దను అడిగాను. "నువ్వేమన్న మంత్రసానివా? పోయి ఏం జేస్తవు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి సాంచా దగ్గరికి పోయాను. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఆయన మాట కాదు, నా నవ్వు. పొద్దున భోంగా అయినంక ఇంటికి పోతే, బిడ్డకు స్నానం కూడా అయిపోయింది. నా భార్య ఒక్క మాట అనలేదు. ఆ రోజు అనలేదు, ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు.

ఇంతవరకు మీలో చాలామందికి తెలిసిన కథే. మీ ఇండ్లల్లోనూ జరిగి ఉంటది. తెలియనిది ఇంకొకటి ఉంది. పన్నెండేళ్లకు నేనూ జాబర్ అయ్యాను. ఒక రాత్రి మనూరి పిల్లవాడే వచ్చి, "మామా, ఇంట్ల నొప్పులు మొదలైనయట, పోతా" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరు ఖాడా పెట్టారు, సాంచాలు ఖాళీగా ఉన్నాయి. నేను ఏమన్నానో తెలుసా? "పాళీ అయినంక పో" అన్నాను. మంత్రసాని మాట అనలేదు, అంతే తేడా. నా బిడ్డ రాత్రి నాకు ఆ ఘడియలో గుర్తే రాలేదు. గుర్తొచ్చింది ఏళ్ల తర్వాత, ఆ వీడియో ముందు.

పడిన బాధను కింది వాడికి దాటించడం సులువు. "మేం పడలేదా, మీరూ పడండి" అనే మాట ప్రతి ఖాతాలో, ప్రతి ఇంట్లో ఉంది. అత్తలు కోడళ్లతో అనేదీ అదే. షారస్ కఠినమైన కోచ్‌ల కిందనే పెరిగాడు. అరుపు వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. కాని సెలవు అడిగిన మనిషి ముందు నిలబడ్డప్పుడు ఆ అరుపు పక్కన పెట్టాడు. ఆడేవాడుగా గెలిచిన నాలుగు కప్పుల కంటే నాకు అది పెద్దగా కనబడుతుంది.

ఆరోసారి

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి కదా. 2020లో బార్సిలోనా క్లబ్బు తమ పాత ఆటగాణ్ని కోచ్‌గా పిలిచింది. 2021 యూరోలీగ్ ఫైనల్లో టర్కీ క్లబ్బు ఎఫెస్ చేతిలో 86-81తో ఓడారు. 2022 సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓటమి. 2023లో చివరి నాలుగు జట్ల పోటీ ఎక్కడ పెట్టారనుకుంటున్నారు? కౌనస్‌లో, షారస్ సొంత ఊళ్లో! అక్కడ కూడా రియల్ మాడ్రిడ్ చేతిలోనే ఓడిపోయాడు. వచ్చే నెలలో అదే మాడ్రిడ్‌ను ఓడించి స్పెయిన్ లీగ్ గెలిచినా, ఆ ఎండాకాలమే బార్సిలోనాలో అతని పని ముగిసింది.

ఆర్నెల్లకు, 2023 డిసెంబరులో ఇస్తాంబుల్ క్లబ్బు ఫెనర్‌బాహ్చె పిలిచింది. 2024లో మళ్లీ చివరి నలుగురిలోకి వచ్చి మళ్లీ సెమీఫైనల్లో ఓడారు. 2018 నుంచి లెక్కపెడితే ఐదుసార్లు గడప దాకా పోయి, ఐదుసార్లు ఉత్త చేతులు.

ఆరోసారి 2025 మే నెలలో. ఈసారి పోటీలు అబుదాబిలో పెట్టారు. అబుదాబి పేరు మన ఇండ్లల్లో కొత్తదేం కాదు, మన అన్నదమ్ముల పిల్లలు ఎందరో అక్కడ పనిచేస్తున్నారు. మే 25న ఫైనల్. ఫెనర్‌బాహ్చె 81, మొనాకో 70. ఆడేవాడుగా నాలుగుసార్లు ఎత్తిన కప్పును 49 ఏళ్ల వయసులో కోచ్‌గా మొదటిసారి ఎత్తాడు. ఆడి గెలిచి, మళ్లీ ఆడించి గెలిపించినవాళ్లు ఆ కప్పు చరిత్రలో కొద్దిమందే. ఫెనర్‌బాహ్చెకు అంతకుముందు 2017లో మొదటి యూరోలీగ్ తెచ్చిన కోచ్ ఎవరో కాదు, షారస్ గురువు ఒబ్రాదోవిచ్. గురువు తెచ్చిన కప్పు పక్కన శిష్యుడు ఇంకొకటి పెట్టాడు.

చెల్లెలికి జవాబు

చెల్లె, నువ్వు అడిగినదానికి ఇదే నా జవాబు. ఒంట్లో సత్తువ పోయినంక కూడా షారస్ దగ్గర చూపు మిగిలింది. దాన్ని ఇంకొకరి చేతికి అందించడం నేర్చుకున్నాడు. దానికి మళ్లీ అప్రెంటిస్ లెక్క పక్కన నిలబడ్డాడు, ఐదుసార్లు ఓడాడు.

నువ్వు వెంటనే ఏమంటవో నాకు తెలుసు. "ఆయనకంటే క్లబ్బు పిలిచి కుర్చీ ఏసింది, మా ఇంటాయనను ఎవరు పిలుస్తరు?" అంటవు. నిజమే. గిర్నీలు మూతబడ్డ చోట పనితనాన్ని పిలిచి కుర్చీ వేసేవాళ్లు లేరు. సాంచాలు నడిచే కార్ఖానాల్లో కూడా కొత్త పిల్లవాణ్ని నేరుగా మిషన్ మీద నిలబెడుతున్నారు గాని, మోకాళ్లు పోయిన ముసలాయనను తెచ్చి పక్కన కూర్చోబెట్టి, "జర జూసి చెప్పు తాతా" అనేవాళ్లు లేరు. ఆయన తలలో ముప్పై ఏళ్ల పని ఉత్తగనే పోతున్నది. ఇది ఆయన ఒక్కడి నష్టం కాదు.

మన సమాజం హాలు ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటది. కార్ఖానాలకు పోయే కొత్త పిల్లలు మన వాడలోనే ఇరవై మంది దాకా ఉన్నారు. ఒక కుర్చీ, ఒక చాయ్, రెండు గంటలు. మొదటి ఆదివారం నేను వస్తా. మీ ఇంటాయన వస్తడా అడుగు. రానంటే, అరిచే హక్కు ఉంటదని చెప్పు, వస్తడు.

ఇక ఆ రాత్రి నేను సెలవియ్యని పిల్లవాడు ఇప్పుడు పిల్లవాడు కాదు, మనవలున్నవాడు. ఈ పత్రిక వాళ్లింటికి కూడా పోతుంది. తమ్ముడూ, చదివితే ఇది నీకే. ఆ రాత్రి నిన్ను పంపాల్సింది. పంపలేదు. తప్పు నాది.

వచ్చే నెల మళ్లీ కలుద్దాం.